అమ్మానాన్నలకు పసిచేతుల కానుక

ఐదారేండ్ల పిల్లవాడు రెండు చేతులు వెనుకకు పెట్టుకొని గుమ్మమువద్ద నిలిచి, "అమ్మా, కళ్ళు మూసుకో" అన్నప్పుడు ఆ ఇంటిలో ఏమి జరుగబోవుచున్నదో ఎవరును చెప్పనక్కరలేదు. తల్లి కన్నులు మూసికొనును. చేయి చాచును. అరచేతిలో ఏదో తడితడిగా వచ్చి పడును. అది ప్రమిద కావచ్చును, ఏనుగు కావచ్చును. చేసినవానిని అడిగినగాని తెలియదు. కన్నులు తెఱచిన పిమ్మట ఆ తల్లి పలుకు మొదటి మాటనుబట్టి, వాడు మఱియొక కానుక చేయునో, ఇక చేయక మానునో తేలిపోవును.

నేటి ప్రసంగమునకు విషయము ఇట్టి కానుకలే. మూడేండ్లు మొదలుకొని ఎనిమిదేండ్ల వఱకు గల పిల్లలు ఇంటిలో దొరకు సామగ్రితో తల్లిదండ్రులకు ఏమేమి చేసి ఇయ్యగలరు, అందులో పెద్దలు చేయవలసినది ఎంత, చేయగూడనిది ఎంత అనునవి చెప్పుకొందము.

ఈ విషయమున మాటలాడుటకు నాకు గల అధికారము నేను చేసిన ఒక తప్పునుండి వచ్చినది. నా కుమారునికి ఐదేండ్లు నిండిన యేట, నా పుట్టినరోజున, ఒక అట్టముక్క తెచ్చి ఇచ్చినాడు. దానిమీద చింతగింజలతో ఒక ఇల్లు, ఇంటికంటె పొడుగైన ఒక మనిషి. క్రింద "నాన్నకు" అని వ్రాయబోయి, వత్తు విడిచి "నానకు" అని వ్రాసినాడు. ఇతరుల ఉచ్చారణము దిద్దుట నాకు నిత్యకృత్యము. అలవాటు చొప్పున చేతిలోని ఎఱ్ఱ పెన్సిలుతో ఆ వత్తు చేర్చి, "ఇప్పుడు సరిగా ఉంది, చూడు" అన్నాను. వాడు చూచినాడు. ఏమియు అనలేదు. మఱుసటి యేడు వాళ్ళ అమ్మచేత డబ్బులిప్పించుకొని బజారులో కొన్న కార్డు తెచ్చి ఇచ్చినాడు. బంగారు అంచు, నిగనిగలాడు కాగితము. అందులో ఒక్క తప్పును లేదు.

పసివాండ్ర పని వంకరగా ఉండుటకు కారణము అశ్రద్ధ కాదు. వారి చేయి మన చేతికి చిన్న నమూనా అని మనము భ్రమపడుదుము. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలున్నవి. బిడ్డ పుట్టునప్పటికి అవి ఎముకలు కావు, మెత్తని మృదులాస్థి మాత్రమే. ఏండ్లు గడచినకొలది అవి ఒక్కొక్కటిగా గట్టిపడుచు వచ్చును. చివరిది గట్టిపడుటకు ఎనిమిది మొదలు పండ్రెండేండ్ల వఱకు పట్టును. మూడేండ్లవాడు పెన్సిలును పిడికిలితో పట్టుకొని భుజమంతయు కదల్చి గీయుట కలదు. నాలుగేండ్లవాడు మనిషిని గీసినచో ఒక సున్న, దానినుండి నేరుగా రెండు కాళ్ళు. నడుమ పొట్ట ఉండదు. ఇది మన పిల్లలకే కాదు, దేశదేశముల పిల్లలకును ఉన్న సంగతియే. శిశువు పెరుగుదలను పరిశీలించినవారు దీనిని సహజమైన ఒక మెట్టుగా గుర్తించినారు. కావున పొట్ట లేని నాన్న బొమ్మను చూచి నొచ్చుకొనవలసిన పని లేదు.

ఇటలీ దేశపు విద్యావేత్త మేరియా మాంటిసోరి 1939లో మన దేశమునకు వచ్చి, యుద్ధము కారణముగా 1946 వఱకు ఇచ్చటనే ఉండి, మద్రాసులోని అడయారులో ఎందఱో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినారు. బిడ్డ తాను చేయగలిగిన పనిని పెద్దలు చేసిపెట్టరాదనుట ఆమె పద్ధతికి మూలసూత్రము. బడులలో ఈ సూత్రమునకు కొంత చోటు దొరకినది గాని, ఇండ్లలో, అందునను కానుకల విషయమున, మనమింకను దానికి తలుపు తీయలేదు. బడిలో "తల్లిదండ్రులకు బొమ్మ చేసి తీసికొని రండి" అన్నచో, ఆ రాత్రి పిల్లవాడు నిద్రించుచుండగా తండ్రియే కత్తెర పట్టుకొని కూర్చుండి, తనకు తానే బహుమతి చేసికొను ఇండ్లు నేనెఱుగుదును.

ఇక కానుకల సంగతి. మిక్కిలి చిన్నవారితో ప్రారంభింతము. మూడేండ్ల బిడ్డకు కత్తెరయు వద్దు, జిగురును వద్దు. కృష్ణాష్టమినాడు మన ఇండ్లలో చేయు పని ఒకటి ఉన్నది. బియ్యపుపిండిని నీటిలో కలిపి, పిడికిలి ప్రక్కభాగమును అందులో ముంచి నేలపై అద్ది, వ్రేలికొనతో ఐదు చుక్కలు పెట్టుదురు. చిన్నికృష్ణుని అడుగు ఏర్పడును. ఆ పనినే ముదురు రంగు కాగితముమీద చేయింపవచ్చును. ఆ అడుగు బిడ్డ పిడికిలి అంతే ఉండును, అంతకు మించి ఉండదు. వెనుక తేదీ మాత్రము పెద్దలు వ్రాయవలెను. పదేండ్ల తరువాత ఆ పిడికిలిని ఆ కాగితముపై ఉంచి చూచుకొనుట ఆ ఇంటికొక పండుగ. పిండి కొంత రాలును, రాలనిండు. అందులో కొంచెము మైదా జిగురు కలిపినచో తక్కువగా రాలును.

నాలుగైదేండ్లవారికి కూరగాయల అచ్చులు తగినవి. బెండకాయను అడ్డముగా కోసినచో పువ్వు, అరటిదవ్వను కోసినచో వలయములు, పొట్లకాయను కోసినచో ఉంగరము. కోయుట పెద్దలది, అద్దుట పిల్లలది. నాన్న చేతిరుమాలు అంచున ఇట్లు అద్దవచ్చును గాని, ఉదుకునప్పుడు రంగు వెలియును. కాబట్టి ఉత్తరములు దాచుకొను కాగితపు సంచికి ఇది మేలు.

ఐదారేండ్ల వయస్సునకు నేను అన్నిటికంటె ఎక్కువగా మెచ్చుకొను కానుక పసుపు లేఖ. దీనికి కావలసినది తెల్లని దళసరి కాగితము, వంటసోడా, పసుపు, అగ్గిపుల్లకు చుట్టిన దూది. ఒక చెంచా వంటసోడాను రెండు చెంచాల నీటిలో కలిపి, దూదిని అందులో ముంచి, కాగితముపై పెద్ద పెద్ద అక్షరములు వ్రాయవలెను. ఆరిన తరువాత కాగితము ఖాళీగా కనబడును. దానిని మడచి తల్లి చేతిలో పెట్టి, పసుపు కలిపిన నీటిలో దూదిని ముంచి పైపైన అద్దుమని చెప్పవలెను. కాగితమంతయు పచ్చనగును, వ్రాసినచోటు మాత్రము ఎఱుపెక్కును. గట్టిగా రుద్దినచో అక్షరములు అలుకుకొని పోవును. అందుచేత తల్లి తొందరపడరాదు. వంటసోడాతో వచ్చునది లేత ఎఱుపు. బట్టల సబ్బును నీటిలో అరగదీసి వ్రాసినచో రంగు మఱింత చిక్కబడును.

ఇందులోని రహస్యము మన గృహిణులకు కొత్త కాదు. పసుపు మరక పడిన చీరకు సబ్బు తగిలినంతనే ఆ మరక ఎఱ్ఱబడుట వారు చూచినదే. హారతి పళ్ళెములో పసుపునీటికి ఇంచుక సున్నము చేర్చగానే ఎఱ్ఱనీరగుటయు దీనివలననే. పసుపులోని వర్ణద్రవ్యమునకు కర్క్యుమిన్ అని పేరు. అది మామూలుగా పసుపుపచ్చగా ఉండును. సున్నము, సోడా, సబ్బు వంటి క్షారములు తగిలినప్పుడు ఎఱ్ఱగా మారును. నిమ్మరసము వంటి ఆమ్లము తగిలినచో తిరిగి పచ్చనగును. ఆ ఎఱ్ఱని అక్షరములపై ఒక చుక్క నిమ్మరసము వేసి చూపినచో, ఆరేండ్లవానికి అది మొదటి రసాయనశాస్త్ర పాఠము. సున్నమును మాత్రము పిల్లల చేతికి ఇయ్యరాదు. కంటిలో పడినచో చూపునకే ముప్పు. సోడాతో, సబ్బుతో కాగలిగిన పనికి సున్నమేల?

ఈ లేఖలో నాకు నచ్చినది రసాయన చమత్కారము ఒక్కటియే కాదు. కానుక పూర్తియగుటకు తల్లి చేయి కూడ కావలెను. బిడ్డ వ్రాసినదానిని తల్లి పసుపుతో వెలికి తీయును. అక్షరములు ఒక్కొక్కటిగా బయటపడుచుండగా వాడు ప్రక్కన నిలిచి ఆమె ముఖమునే చూచుచుండును, కాగితమును చూడడు.

ఏడెనిమిదేండ్ల వారికి కొంత ఓర్పు అబ్బును. వారికి తగినది రావి ఆకు. పుస్తకములు చదువు తల్లికి గాని, తండ్రికి గాని, చదివిన చోట గుర్తుగా పెట్టుకొనుటకు ఇంతకంటె అందమైన వస్తువును నేనెఱుగను. ముదిరిన, చిరుగు లేని రావి ఆకులు నాలుగైదు తెచ్చి, వెడల్పైన సీసాలో నీరు పోసి ముంచి ఉంచవలెను. నాలుగైదు ఎందుకనగా, కడుగునప్పుడు రెండైనను చిరుగును. మూడు నాలుగు వారములు గడచునప్పటికి ఆకులోని మెత్తని పదార్థము కుళ్ళిపోవును, ఈనెలు మాత్రము నిలుచును. నీటిలోని సూక్ష్మజీవులు మెత్తని కణజాలమును ముందుగా తినివేయును. ఈనెలలో లిగ్నిన్ అను గట్టి పదార్థముండుటచేత అవి అంత త్వరగా శిథిలము కావు. తరువాత ఆకును పళ్ళెములో పఱచి, మెత్తని కుంచెతో నీరు పోయుచు నెమ్మదిగా త్రోసినచో పచ్చని పదార్థము ఊడిపోయి, సాలెగూడువంటి వల మిగులును. దానిని పాత వార్తాపత్రిక మడతలలో పెట్టి, పైన బరువుంచి ఆరబెట్టవలెను.

ఇందులో రెండు చిక్కులున్నవి. మొదటిది వాసన. నాలుగైదు దినములకొకసారి నీరు మార్చినచో కొంత తగ్గును గాని పూర్తిగా పోదు. రెండవది దోమలు. మూత లేని సీసాలో నీరు నిలువ ఉంచుట దోమలను పిలిచి పీట వేయుటయే. మూత పెట్టియే ఉంచవలెను. పుట్టినరోజుకు నెల దినములు ముందుగా మొదలుపెట్టవలెనని వేఱుగ చెప్పనక్కరలేదు. ఆ నెలయంతయు పిల్లవాడు రహస్యమును కడుపులో దాచుకొనవలెను. అది వానికి ఆకు కడుగుటకంటె కష్టమైన పని.

మట్టిపనిని గుఱించి కొంత వివరముగ చెప్పవలసి ఉన్నది. ఏలయన పిల్లల కానుకలలో ఎక్కువ కన్నీళ్ళు తెప్పించునది ఇదియే. దీపావళికి అమ్మ వెలిగించుటకని పిల్లవాడు ఎంతో ఇష్టముతో ప్రమిద చేయును, రెండు గంటలు ఎండలో పెట్టును, అది నెఱ్ఱెలు విచ్చి రెండు ముక్కలగును. తప్పు వానిది కాదు, ఎండది. తడిమట్టి ఆరునప్పుడు నీరు పోయినంత మేర కుంచించుకొనును. ఎండలో పై భాగము త్వరగా ఆరి బిగియును, లోపలి భాగమింకను తడిగానే ఉండును. ఆ రెంటి లాగులాటలో పగులు పుట్టును. కాబట్టి ప్రమిదను నీడలో, తడిగుడ్డ కప్పి, మూడు నాలుగు దినములు మెల్లగా ఆరనియ్యవలెను. అంచు, అడుగు ఒకే మందముగా ఉండునట్లు వ్రేళ్ళతో నొక్కించవలెను. మట్టిని కుమ్మరివద్ద తెచ్చుకొనుట మేలు. అది కాళ్ళతో త్రొక్కి, రాళ్ళు ఏఱి సిద్ధము చేసిన మట్టి.

ఆరిన ప్రమిద చేతికి గట్టిగానే తగులును గాని, అది ఇంకను మట్టియే. నీరు పోసినచో కరగును, నూనె పోసినచో పీల్చుకొనును. సుమారు ఆఱువందల డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి తగిలినప్పుడుగాని, మట్టిలో రసాయనికముగా బంధింపబడిన నీరు పోయి అది మరల మట్టిగా మారని పాత్ర కాదు. ఇంటి పొయ్యిమీద కాల్చుటకు ప్రయత్నింపవద్దు. లోపల తడి మిగిలిన వస్తువు ఆవిరి ఒత్తిడికి టప్పున పేలవచ్చును. మట్టి ఇచ్చిన కుమ్మరినే అడిగి, ఆయన ఆవములో ఒక మూలకు చోటు సంపాదింపుడు. పిల్లవానిని కూడ వెంట తీసికొనిపోవలెను. వందల ప్రమిదల నడుమ తన వంకర ప్రమిదను వాడు దూరమునుండియే గుర్తుపట్టును. ఆవము అందుబాటులో లేనివారు ప్రమిద మాట మఱచి, గుండుసూదులు వేసికొను గిన్నె చేయింపుడు. దానికి నూనెయు వద్దు, నిప్పును వద్దు.

అంటించు పనులన్నిటికి జిగురు ఇంటిలోనే కాచుకొనవచ్చును. ఒక వంతు మైదాను నాలుగు వంతుల చన్నీటిలో ఉండలు లేకుండ కలిపి, చిన్న మంటమీద కలియబెట్టుచు చిక్కబడువఱకు కాచి, చిటికెడు పటికపొడి వేసినచో రెండు మూడు దినములు నిలుచును. పొయ్యి దగ్గఱ పని పెద్దలదే. పుస్తకములకు అట్టలు కట్టువారు పురుగు పట్టకుండ జిగురులో మైలుతుత్తము కలుపుట ఉన్నది. అది విషము, పసివాండ్ర జిగురులో దానికి చోటు లేదు. మన కొండపల్లి బొమ్మల పనివారు చింతగింజల పొడిని, రంపపుపొట్టును కలిపిన ముద్దతో తెల్ల పొణికి కఱ్ఱ ముక్కలను అతుకుదురని చెప్పినచో, చింతగింజలతో ఆడుకొను పిల్లలు కన్నులు పెద్దవి చేసికొని విందురు.

గింజల మాట వచ్చినది గనుక ఒక హెచ్చరిక. అలంకారములకు పిల్లలు మొట్టమొదట ఏఱుకొను గింజ గురివింద. ఎఱ్ఱని ఒళ్ళు, నల్లని ముచ్చిక, చూచుటకు ముద్దుగా ఉండును. దాని లోపలనున్నది ఘోరమైన విషము. గింజ నలిగి గాని, నమలబడి గాని కడుపులోనికి పోయినచో ప్రాణాపాయము కలుగవచ్చును. పూసగ్రుచ్చుటకు గింజను సూదితో పొడుచుటయు ప్రమాదమే. ఆముదపు గింజ సంగతియు ఇంతే. ఈ రెంటిని పిల్లల పనిసామగ్రిలోనికి రానియ్యవద్దు. సీతాఫలపు గింజలను కూడ నలుగగొట్టనియ్యరాదు. ఆ పొడి కంటికి మంట పుట్టించును. చింతగింజలు, గుమ్మడిగింజలు చాలును. మూడేండ్లలోపు బిడ్డ ఇంటిలో ఉన్నచో అవికూడ చేతికందనియ్యరాదు. ముక్కులో దూరిన చింతగింజను తీయించుటకు ఆసుపత్రికి పరుగెత్తిన తల్లులు మన శ్రోతలలో ఒకరిద్దఱైనను ఉందురు.

ప్రతి కానుకకును ఇంటిలో ఒక కుట్రదారు కావలెను. అమ్మకు చేయునప్పుడు నాన్న, నాన్నకు చేయునప్పుడు అమ్మ, ఇద్దఱికి చేయునప్పుడు అమ్మమ్మయో, తాతయ్యయో. కుట్రదారు పని నాలుగు మాటలలో ముగియును: కోయవలసినది కోయుట, కాచవలసినది కాచుట, వస్తువును దాచిపెట్టుట, నోరు మూసికొనుట. "ఇక్కడ ఎఱ్ఱ రంగు వేస్తే బాగుంటుందిరా" అను మాట కుట్రదారునిది కాదు. పిల్లవాడు తానై వచ్చి, "తాతయ్యా, ఇది ఊడిపోతోంది, ఏం చెయ్యను?" అని అడిగినప్పుడు ఉపాయము చెప్పవచ్చును. అప్పుడును చేసి చూపుట వేఱొక కాగితముమీద జరుగవలెను, వాని కాగితముమీద కాదు. మా అత్తగారు ఈ విద్యలో నిపుణురాలు. మనుమరాలు ఎంత వంకరగా కుట్టినను, "ఊఁ, తరువాత?" అని మాత్రము అందురు.

కానుక పుచ్చుకొనువారికి కూడ కొంత నేర్పు కావలెను. "అబ్బ, ఎంత బాగుందో!" అని ఒక్క మాటతో ప్రక్కన పెట్టుట పిల్లలు ఇట్టే పసిగట్టుదురు. దానికంటె, "ఈ మనిషి చేతిలో ఏముంది?" అని ఒక ప్రశ్న వేయుట మేలు. వాడు చెప్పుటకు మొదలుపెట్టును, కథ పావుగంట సాగును. "ఇది ఏమిటి?" అని మాత్రము అడుగరాదు, ఏనుగును ఏనుగని గుర్తింపలేకపోయితిమని వానికి తెలిసిపోవును. అంతకంటె ముఖ్యము వాడుక. ఇచ్చిన గిన్నెలో మఱునాటినుండియే గుండుసూదులుండవలెను. అద్దాల బీరువాలో పెట్టి తాళము వేసిన వస్తువు పిల్లవానికి మెప్పుగా తోచదు, తీసికొనిపోయినట్లు తోచును. వాడగా వాడగా అది పగిలినచో నష్టము లేదు. మఱియొకటి చేయుదురు.

మే నెల రెండవ ఆదివారమున మాతృదినమని మన పట్టణములలో కూడ ఇప్పుడు కార్డులు, పూలగుత్తులు విరివిగా అమ్ముడుపోవుచున్నవి. ఆ దినమునకు మూలకారకురాలు అమెరికా దేశపు అన్నా జార్విస్. తన తల్లి స్మారకముగా 1908లో వెస్ట్ వర్జీనియాలో ఆరాధన జరిపించి, 1914లో అధ్యక్షుడు విల్సన్ చేత ఆ దినమును ప్రకటింపజేసినది. పిమ్మట ఆ దినము వ్యాపారుల చేతిలో పడుట చూచి, అచ్చు కార్డులమీద, పూల దుకాణములమీద మిగిలిన జీవితమంతయు పోరాడి, 1948లో మరణించినది. తల్లికి స్వయముగా నాలుగు ముక్కలు వ్రాయలేని సోమరులకే అచ్చు కార్డు అని ఆమె అభిప్రాయము. ఆమె అంత కటువుగా ఉండవలసిన పని లేదేమో గాని, బంగారు అంచు కార్డు పుచ్చుకొన్న తండ్రిగా నాకు ఆమె కోపము అర్థమగుచున్నది.

కానుకలు దాచుకొనువారికి ఒక మాట. పసుపు వెలుతురునకు నిలువదు. పసుపు లేఖను చట్రములో బిగించి గోడకు తగిలించినచో ఎండపొడకు కొద్ది వారములలో వెలిసిపోవును. దానిని లావు పుస్తకము నడుమ, ఇరుప్రక్కల తెల్లకాగితములు పెట్టి ఉంచినచో చాలకాలము ఉండును. రావి ఆకునకు చెమ్మ గిట్టదు. పిండి పూసిన కాగితములకు బొద్దింకల భయమున్నది, నాలుగు ఎండు వేపాకులు వేసి ఉంచుడు.

మా ఇంటి నిఘంటువు నడుమ ఇప్పుడొక పసుపు లేఖ ఉన్నది. మా చిన్న అమ్మాయి గడచిన నా పుట్టినరోజున ఇచ్చినది. పసుపునీరు నేనే అద్దితిని. మొదట "నా" వచ్చినది, తరువాత "న", ఆ తరువాత "కు". అమ్మాయి నా ముఖము వంక చూచుచుండెను. వాళ్ళ అన్నయ్య కూడ తలుపు ప్రక్కన నిలిచి చూచుచుండెను. "ఇంకొంచెం పసుపు కావాలా, నాన్నా?" అని వాడే వంటింటిలోనికి పోయి తెచ్చినాడు.